ఐదు దేశాల్లో అద్దెకున్నాయన

వదినగారూ, ఒక్కసారి గోడ దగ్గరికి రండి. చేతులు కడుక్కోనక్కర్లేదు, ఆ పిండి చేత్తోనే రండి. జంతికలు ఎటూ పారిపోవు. ఇలా నీడలోకి జరగండి, మీ కరివేపాకు చెట్టు ఎటూ మా వైపే వాలింది కదా.

పొద్దున మీ మనవడు మా గేటు పట్టుకుని ఊగుతూ, "మామ్మా, యూరప్‌లో ఐదు పెద్ద లీగుల్లోనూ ఆడిన మొట్టమొదటి ఫుట్‌బాల్ ఆటగాడు ఎవరు?" అని అడిగాడు. స్కూల్లో క్విజ్‌ట. వాళ్ల నాన్నని అడగలేదు, నన్నడిగాడు. ఈ ముక్క మీ అబ్బాయి చెవిన వెయ్యకండి, నొచ్చుకుంటాడు. జవాబు నాకు తెలుసు. కానీ ఒక్క పేరు చెప్పి ఊరుకోవడం నా ఒంటికి పడదని మీకు తెలియనిదా? నేను మొదలెట్టేలోపే వాడి బస్సు వచ్చేసింది. కడుపులో మాట కడుపులోనే ఉండిపోయింది. అందుకే మిమ్మల్ని పిలిచాను.

ఆయన పేరు ఫ్లోరిన్ రదుచోయు. రుమేనియా మనిషి. పేరు నోరు తిరగడం లేదా? మీ వియ్యపురాలి ఊరి పేరు కన్నా తేలికే. ఫ్లోరిన్ అంటే పువ్వుల పేరు, మన పుష్పారావు లాంటిదనుకోండి. వాళ్ల దేశంలో మట్టల ఆదివారం నాడు పువ్వుల పేర్లున్న వాళ్లందరికీ పేరు పండగ చేస్తారు. పుట్టినరోజు ఒకటి, పేరు పండగ ఒకటి. ఏడాదికి రెండుసార్లు కేకు. మన వాళ్లకి తెలిస్తే ఇక్కడా మొదలెడతారు.

పుట్టింది బుకారెస్ట్‌లో, 1970 మార్చి 17న. ఆ కాలంలో ఆ దేశం ఎలా ఉండేదో మీరు ఊహించుకోవాలి. 1980ల్లో వాళ్ల టీవీ రోజుకి రెండు గంటలే వచ్చేది. ఆ కాస్తలోనూ ఎక్కువ దేశాన్నేలే చౌషెస్కు దొరగారూ దొరసానమ్మా. ఫుట్‌బాల్ చూడాలంటే జనం మేడలెక్కి యాంటెన్నాలు బల్గేరియా వైపు తిప్పుకునేవారట. బల్గేరియా డాన్యూబ్ నది అవతలి గట్టు. ఆ మాటలు వీళ్లకి అర్థం కావు, అయితేనేం, గోల్ గోలే కదా. పక్కింటి కిటికీ ఊచలు పట్టుకుని ఆదివారం సినిమా చూసిన తరం మనది, మనకి వేరే చెప్పాలా? వీళ్లయితే ఏకంగా పక్క దేశం కిటికీయే పట్టుకున్నారు.

ఆ ఊళ్లో రెండు పెద్ద క్లబ్బులు. స్తెవా సైన్యానిది, దినమో హోం శాఖది, అంటే పోలీసులది. చౌషెస్కు పెద్దబ్బాయి వాలెంటిన్ అండ స్తెవాకి. ఇక ఆ రెండింటి మధ్య మ్యాచ్ అంటే ఎలా ఉంటుందో మీరే చెప్పండి. మన పిల్లాడు దినమో వాడు. అక్కడ కోచ్ మిర్చా లుచెస్కు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ తగులుతాడు. కుర్రతనంలోనే ఈయన్ని పట్టుకుని ముందు వరసలో నిలబెట్టాడు. 1990లో దినమోకి లీగూ వచ్చింది, కప్పూ వచ్చింది.

ఆ మధ్యలోనే, 1989 డిసెంబర్‌లో, చౌషెస్కు పడిపోయాడు. తలుపులు తెరుచుకున్నాయి. అంతకు ముందు మంచి వయసులో ఉన్న ఆటగాణ్ణి బయటి దేశం పంపడమంటే మహా కష్టం. 1990 వేసవిలో వరల్డ్ కప్ అయ్యిందో లేదో, బడి గంట కొట్టినట్టు అందరూ ఒక్కసారే బయటికి. హాజి రియల్ మాడ్రిడ్‌కి, లకతూష్ ఫియోరెంటీనాకి, పొపెస్కు హాలండ్‌కి. మన ఇరవయ్యేళ్ల రదుచోయు ఇటలీలో బారికి.

మా ఆయన ఉద్యోగంలో మేం పదకొండు ఇళ్లు మారాం, మీకు తెలుసు కదా. ప్రతి ఇంట్లోనూ క్యాలెండర్ కోసం నేను కొట్టించిన మేకు ఒకటి ఉండిపోయింది. ఓనర్లందరికీ దాని మీదే కోపం. ఈయన కథ వింటుంటే నాకు ఆ మేకులే గుర్తొస్తాయి. బారిలో ఒక ఏడాది. వెరోనాలో ఒక ఏడాది, ఆ జట్టు కింది డివిజన్‌కి పడిపోయింది. బ్రెషాలో ఒక ఏడాది, అదీ పడిపోయింది. పాపం, ఈయన పాదం మహిమ అనుకునేరు! బ్రెషాలో ఆ ఏడాది, 1992-93లో, ఈయన 13 గోల్స్ కొట్టాడు. కింద డిఫెన్స్ ఇల్లు కారుతుంటే పైన కూర్చున్నాయన ఏం చేస్తాడు?

ఆ బ్రెషా సంగతి చెప్పకుండా ముందుకెళ్లలేను. కోచ్‌గా వచ్చిందెవరనుకున్నారు? లుచెస్కునే. వస్తూ వస్తూ మన ఊరోళ్లని మనం హైదరాబాద్ లాక్కొచ్చినట్టు రుమేనియా వాళ్లని వరసగా దింపాడు. హాజి వచ్చాడు, సబవు వచ్చాడు, మతెయుత్స్ వచ్చాడు, ఈయన వచ్చాడు. నలుగురు. కానీ అప్పట్లో ఇటలీలో మైదానంలోకి ముగ్గురు విదేశీయుల్నే దింపాలి. ఇంట్లో మనుషులు నలుగురు, మంచాలు మూడు! ఆదివారం వస్తే ఎవరు బయట కూర్చోవాలో చూడండి మరి.

ఇటలీ వాళ్లకి వెటకారం ఎక్కువ. అక్కడ 'మై దిరె గోల్' అని టీవీలో ఒక కార్యక్రమం వచ్చేది, ఆదివారం ఆటల్లో తప్పుల్ని చూపించి నవ్వడమే దాని పని. మనవాడు గోల్ ముందు నిలబడి బంతిని ఎటో తన్నిన దృశ్యాలు వాళ్లకి పండగ భోజనం. చాలా వేగం ఉన్న మనిషి, బంతి దగ్గరికి అందరికన్నా ముందు చేరిపోయేవాడు. చేరాక తొందర. నాకు అందులో పెద్ద తప్పేం కనపడదు. అసలు అక్కడిదాకా వెళ్లనివాడు ఏం తప్పు చేస్తాడు? వడ్డించేవాడి చేతిలోంచే కదా పులుసు ఒలికేది.

చూడండి, రెండు పడవలు మునిగాక మూడోసారి ఆయన ఎక్కింది ఓడ. 1993లో ఏసీ మిలాన్! అప్పట్లో దాన్ని మించిన జట్టు లేదు. కోచ్ కపెల్లో. కానీ అక్కడ విదేశీయులు ఎంతమందనుకున్నారు? పపాన్, బోబన్, సవిచెవిచ్, లౌద్రుప్, గాయంతో పడుకున్న వాన్ బాస్టెన్, మధ్యలో వచ్చిన దెసాయి, మన ఫ్లోరిన్. ఏడుగురు. మంచాలు అవే మూడు. ఆ ఏడాది మిలాన్ లీగు గెలిచింది, ఏథెన్స్‌లో బార్సిలోనాని 4-0తో కొట్టి యూరప్ కప్పూ తెచ్చుకుంది. మనవాడు లీగులో ఆడింది 7 మ్యాచ్‌లు. పెళ్లివారింట్లో దూరపు చుట్టంలా అన్నమాట. భోజనం బ్రహ్మాండం, ఫోటోలో మాత్రం వెనక వరస.

ఇంతేనా అనకండి. అసలు మాట ఇప్పుడొస్తోంది.

ఈ మనిషి అద్దె ఇళ్లలో ఎలా ఉన్నా, సొంతింటికి వచ్చాడంటే వేరే మనిషి. రుమేనియా పసుపు చొక్కా తొడిగితే 40 ఆటల్లో 21 గోల్స్. అంటే రెండు ఆటలకి ఒకటి. కొందరు పిల్లలుంటారు చూడండి, హాస్టల్లో నోరు మెదపరు, ఇంటికొస్తే పెంకులు లేచిపోతాయి. 1993లో ఫారో దీవులకి వెళ్లి ఒక్క మ్యాచ్‌లో నాలుగు కొట్టాడు. ఆ ఆటలో రుమేనియా కొట్టినవి ఆ నాలుగే. ఫారో అంటే సముద్రం మధ్య దీవులు, మనుషుల కన్నా గొర్రెలు ఎక్కువట. సరే, అక్కడ ఎవరైనా కొడతారంటారా? అయితే కార్డిఫ్ వినండి.

1993 నవంబర్ 17. కార్డిఫ్‌లో వేల్స్‌తో ఆట. 1958 తర్వాత వేల్స్ వరల్డ్ కప్ మొహం చూడలేదు. ఈ ఆట గెలవాలి. స్టేడియం నిండిపోయి పాటలు పాడుతోంది. ముందు హాజి దూరం నుంచి ఒకటి కొట్టాడు. తర్వాత వేల్స్ నుంచి సాండర్స్ సమం చేశాడు. వెంటనే వేల్స్‌కి పెనాల్టీ. ఇక చూస్కోండి! పాల్ బోడిన్ అనే ఆయన వచ్చి ఎడమ కాలితో గట్టిగా తన్నాడు. బంతి పై బార్‌కి ఠప్పున తగిలి వెనక్కొచ్చింది. ఒక్క అంగుళం కింద పడుంటే వేల్స్ చరిత్ర వేరేగా ఉండేదేమో. ఆ చప్పుడు తర్వాత స్టేడియం మళ్లీ మునుపటిలా లేదట. ఆట ముగియడానికి ఇంకా పది నిమిషాలు కూడా లేవనగా మన రదుచోయు బంతిని లోపలికి పంపేశాడు. 2-1. రుమేనియా అమెరికాకి, వేల్స్ ఇంటికి. వేల్స్ మళ్లీ వరల్డ్ కప్ ఆడింది 2022లో. ఈ మధ్యలో మీ అబ్బాయికి పెళ్లయి, పిల్లలు పుట్టి, ఆ పిల్లలు క్విజ్‌లకి వెళ్తున్నారు!

పాపం ఆ బోడిన్‌ని జనం ఇప్పటికీ ఆ బార్ గురించే అడుగుతారట. మనిషి ఎన్నేళ్లు ఎన్ని చేసినా లోకం ఒక్కదాన్నే పట్టుకుంటుంది. దీని సంగతి మళ్లీ వస్తాను, మరిచిపోతే గుర్తు చెయ్యండి.

1994లో మా తమ్ముడు మా ఇంట్లోనే ఉండేవాడు. బ్యాంకు పరీక్షకి చదువుకోవడానికని వచ్చాడు. చదివింది ఎంతో దేవుడికే తెలుసు, అర్ధరాత్రి టీవీ శబ్దం తగ్గించి వరల్డ్ కప్ మాత్రం చూసేవాడు. నాకు నిద్ర పట్టేది కాదు, నేనూ వచ్చి కూర్చునేదాన్ని, ఒళ్లో చిక్కుడుకాయలు పెట్టుకుని. ఆ అర్ధరాత్రి ఈనెలు తీసిన చిక్కుడుకాయల కూర మా ఆయన మెచ్చుకుంటూ తిన్నాడు, ఎందుకంత నున్నగా వచ్చాయో ఆయనకి ఇప్పటికీ తెలియదు.

మొదటి ఆట కొలంబియాతో. పెలే అంతటివాడు ఆ కప్ కొలంబియాదే అన్నాడు. రుమేనియా 3-1తో కొట్టింది. ఎడమ పక్క గీత దగ్గర్నుంచి హాజి గోలీ తల మీదుగా వేసిన గోల్ అందరూ చెప్తారు. మిగతా రెండూ ఎవరివో ఎవరూ చెప్పరు. ఈయనవే. పదిహేనో నిమిషంలో ఒకటి, చివర్లో ఒకటి. తర్వాత స్విట్జర్లాండ్ చేతిలో 4-1తో తిన్నారు, అమెరికాని 1-0తో గట్టెక్కారు. ఆపైన అర్జెంటీనా. ఆ రోజు పసుపు కార్డుల వల్ల మనవాడు ఆడకూడదు. చొక్కా మడిచి పక్కన కూర్చున్నాడు. కోచ్ ఇయొర్దనెస్కు ఆ చోటికి దుమిట్రెస్కుని జరిపాడు. ఆ దుమిట్రెస్కు రెండు, హాజి ఒకటి, అర్జెంటీనా ఇంటికి! రుమేనియా ఫుట్‌బాల్‌లో అంత గొప్ప రోజు ఇంకోటి లేదంటారు. ఈయన లేని రోజే! నేను పుట్టింటికి వెళ్లిన నాలుగు రోజుల్లోనే మా ఆయనకి ప్రమోషన్ కాగితం రావడం లాంటిది. సంతోషించాలి, కానీ కడుపులో ఏదో ఓ మూల...

అందుకేనేమో, స్వీడన్‌తో క్వార్టర్ ఫైనల్‌లో పట్టుబట్టి ఆడాడు. జులై 10, స్టాన్‌ఫర్డ్. మనకి అర్ధరాత్రి దాటింది. చాలాసేపు ఏమీ లేదు, మా తమ్ముడే ఆవలించాడు. 78వ నిమిషంలో స్వీడన్ వాళ్లు ఫ్రీకిక్ దగ్గర ఒక గారడీ చేశారు. ఒకడు బంతి మీదుగా ఉత్తుత్తినే పరిగెత్తాడు, ఇంకొకడు గోడ పక్కనుంచి నెట్టాడు, బ్రోలిన్ వచ్చి కొట్టేశాడు. అయిపోయిందనుకున్నాం. 88వ నిమిషంలో హాజి ఫ్రీకిక్ ఎవరికో తగిలి దారి తప్పింది. ఎవరి కాలి ముందు పడిందనుకున్నారు? ఫ్లోరిన్ కొట్టాడు. అదనపు సమయంలో స్వీడన్ వాళ్ల వెనక తడబాటు, మళ్లీ ఈయనే. 2-1. స్వీడన్‌లో ఒకడికి రెడ్ కార్డు కూడా పడింది. మా తమ్ముడు నిలబడిపోయాడు, లుంగీ కూడా చూసుకోలేదు. 115వ నిమిషంలో పైకి లేచిన బంతి కోసం రుమేనియా గోలీ ప్రునియా ముందుకొచ్చాడు. ఆయన పేరూ ఫ్లోరినే. కెన్నెట్ ఆండర్సన్ అని తాడిచెట్టంత మనిషి ఆయన చేతుల మీదుగా తల ఆనించాడు. 2-2. ఒక ఫ్లోరిన్ కట్టిన ఇల్లు ఇంకో ఫ్లోరిన్ చేతి మీదుగా పోయింది.

పెనాల్టీలు. స్వీడన్ మొదటిది బార్ పైనుంచి పోయింది. రుమేనియా తరఫున మొదట వెళ్లింది రదుచోయునే. టీవీలో అన్నన్ని గోల్స్ మిస్సయ్యాడని నవ్వారే, ఆ మనిషి. కొట్టాడు. ఆయన పని ఆయన చేశాడు. తర్వాత పెట్రెస్కుది స్వీడన్ గోలీ రావెల్లి ఆపాడు, చివరికి బెలొదెదిచ్‌దీ ఆపాడు. బెలొదెదిచ్ అంటే రెండు వేరువేరు క్లబ్బులతో యూరప్ కప్ గెలిచిన మొనగాడు, ఆ రెండు ఫైనల్సూ పెనాల్టీల్లోనే గెలిచాడు. ఆ రాత్రి ఆయన రాత అది. తమ్ముడు టీవీ కట్టేసి మేడ మీదికి పోయాడు. నేను చిక్కుడుకాయల గిన్నె పట్టుకుని అలాగే కూర్చున్నాను. పొద్దున వాడికి కాఫీ ఇస్తుంటే, "అక్కా, రదుచోయు తప్పేం లేదు" అన్నాడు. నేనన్నానా తప్పని!

ఆ తర్వాత స్పెయిన్. బార్సిలోనా ఊళ్లోనే, కానీ ఆ పెద్ద క్లబ్బు కాదు, ఎస్పాన్యోల్. అక్కడ రెండేళ్లు. 1996 యూరో కప్‌లో రుమేనియా మూడు ఆటలూ ఓడి మొత్తం ఒకే ఒక్క గోల్ కొట్టింది. ఆ ఒక్కటి ఎవరిదో నేను చెప్పను, మీకు ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది.

ఆ వేసవిలోనే లండన్‌లో వెస్ట్‌హామ్ వాళ్లు 24 లక్షల పౌండ్లు పోసి కొనుక్కున్నారు. మేనేజర్ హ్యారీ రెడ్‌నాప్. కథలు చెప్పడంలో మీ ఆయన్ని మించినవాడు. ఆ ఏడాది ఆ ఇంట్లో అన్నీ విచిత్రాలే. పోర్చుగల్ ఆటగాడు ఫ్యూత్రేకి మొదటి ఆటలో 16వ నంబరు చొక్కా ఇస్తే, నాకు 10 కావాలని ఆట మానేసి వెళ్లిపోయాడట! చంటిపిల్లలు నయం.

మనవాడి కథా రెడ్‌నాప్ చెప్పిందే. డిసెంబర్‌లో స్టాక్‌పోర్ట్ అనే చిన్న జట్టుతో లీగ్ కప్ ఆట, చలి ఊరు, దూరం ప్రయాణం. అందరూ బయల్దేరే వేళకి రదుచోయు లేడు. ఎక్కడా అని వెతికితే, భార్యతో కలిసి హార్వీ నికల్స్ అనే ఖరీదైన షాపులో ఉన్నాడట. అక్కడ స్టాక్‌పోర్ట్‌లో వెస్ట్‌హామ్ 2-1తో ఓడింది. అందులో ఒకటి సొంత జట్టువాడే తలతో తన గోల్‌లోకి కొట్టుకున్నది.

వదినగారూ, నా బాధ షాపుకి వెళ్లాడని కాదు. భార్యతో షాపుకి వెళ్లే మగవాణ్ణి నేను తిట్టను. ఆ హార్వీ నికల్స్ ఉన్నది ఊరికి పడమటి వైపు. వెస్ట్‌హామ్ గ్రౌండు అప్పుడు తూర్పున గ్రీన్ స్ట్రీట్‌లో. ఆ వీధి నిండా మనవాళ్ల చీరల కొట్లు, గాజుల కొట్లు, బంగారం కొట్లు, మిఠాయి కొట్లు! గ్రౌండు గేటు దాటితే చాలు. అన్నీ అక్కడే పెట్టుకుని ఊరు దాటి వెళ్తాడా? ఒక పట్టుచీర ఆవిడకి ఇప్పించి, జిలేబీ పొట్లం చేత పట్టుకుని నేరుగా బస్సెక్కి ఉంటే ఈ అపవాదే ఉండేది కాదు.

లోకం పట్టుకున్నది ఆ షాపునే. గుర్తు చెయ్యమన్నాను కదా, మీరు చెయ్యలేదు, జంతికల మీదే ఉంది మీ ధ్యాస. ఆ స్టాక్‌పోర్ట్‌కి పది రోజుల ముందే మాంచెస్టర్ యునైటెడ్ 2-0తో ముందున్న ఆటలో ష్మైకేల్ లాంటి గోలీని దాటించి ఈయన గోల్ కొట్టాడు. ఆ ఆట 2-2తో ముగిసింది. ఇంగ్లండ్‌లో మనిషిని అడగండి, షాపు చెప్తాడు, ష్మైకేల్ చెప్పడు. లీగులో 11 ఆటలు, 2 గోల్స్. కొత్త ఏడాది వచ్చీ రాగానే మళ్లీ ఎస్పాన్యోల్‌కి సామాను సర్దాడు.

ఆపైన జర్మనీలో స్టుట్‌గార్ట్. మళ్లీ బ్రెషా. 1998లో రుమేనియా ఆటగాళ్లంతా మైదానంలోకి జుట్టుకి పసుపు రంగేసుకుని దిగారే, ఆ ఫోటోలో ఈయన లేడు. దేశం తరఫున ఆఖరి ఆట 1996లోనే అయిపోయింది. 2000లో మొనాకోకి వెళ్లాడు. మొనాకో వేరే దేశం, కానీ ఆడేది ఫ్రెంచ్ లీగులో. అలా ఐదో లీగు కూడా దేశం కాని దేశంలోంచి పూర్తయింది. ఇప్పుడు రుమేనియా టీవీలో కూర్చుని కుర్రాళ్ల ఆట గురించి మాట్లాడుతుంటాడు. యాంటెన్నా బల్గేరియా వైపు తిప్పక్కర్లేదు.

నన్నడిగితే ఆయన గొప్పతనం ఐదు లీగుల్లో లేదు. అది బదిలీల జాబితా, మా ఆయన దగ్గరా ఉంది అలాంటిది. కార్డిఫ్‌లో ఉంది, స్టాన్‌ఫర్డ్‌లో ఉంది. కానీ మీ మనవడికి క్విజ్‌లో మార్కులు వచ్చేది ఐదు లీగులకే. సాయంత్రం వాడొచ్చాక వరసగా చెప్పండి: ఇటలీ, స్పెయిన్, ఇంగ్లండ్, జర్మనీ, ఫ్రాన్స్. పేరు రాసేటప్పుడు ర-కి దీర్ఘం పెట్టొద్దనండి, చ-కి ఓత్వం, చివర యు. అయ్యో, ఆ వాసనేంటి, మీ మూకుడు కింద మంట తగ్గించారా లేదా?